లోపల బాగానే నడుత్తంది

జీడిపిక్కలు కాల్చే పొగ కిటికీలోంచి వచ్చి గొంతులో పడితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోతుంది. పలాసలో జీడిపప్పు బట్టీ పక్కన, మేడ మీద గదిలో నాకు పని నేర్పిన రూతక్క గుర్తొస్తుంది. చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆవిడది. కిడ్నీలు పాడైన ఉద్దానం వాళ్ళు డయాలసిస్‌కి తమ వంతు ఎప్పుడో ఫోన్లో చూసుకునే వెబ్ పేజీ తయారుచేసే పని నాకిచ్చింది.

పేజీ నా లాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంది. "అయిపోయిందక్కా!" అన్నాను గొప్పగా.

"అయితే నీ లాప్‌టాప్‌లోది సెరిపీ."

నవ్వులాటకి అంటోందేమోనని మొహం చూశాను. కాదు.

"ఓలమ్మో! ఇన్నాళ్ళ పనక్కా!"

"పేజీ నడవడానికి కావల్సినయన్నీ కలిపి కంటైనర్‌లో పెట్టీసినావు కదేటి? సీలేసిన డబ్బాలో పప్పు ఏ ఊర్లో తెరిసినా ఒకేలాగుండాల. మన పాత కంప్యూటర్‌లో నడిపి సూపించు. కవిటి నుంచి ఆటో కట్టించుకుని వచ్చినోడు వంతు లేదని తిరిగెల్లిపోతే, రేపటికి ఉంటాడేటి?"

చెరిపేశాను. పాత కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి, అందులోని కంటైనర్ నడిపాను. పేజీ రాలేదు! తెర మీద పడ్డ లైన్లు అక్క తాపీగా చదివి, "లోపల బాగానే నడుత్తందే. బయటోళ్ళకి నువ్వు తలుపు తియ్యలేదు, అంతే" అంది. ఒక్క లైను మార్చగానే పేజీ తెరుచుకుంది.

దాన్ని అప్పగించడానికి డయాలసిస్ కేంద్రానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్క ఏదో పనుందని పొద్దున్నే వెళ్ళిపోయింది. మంచాల మధ్య నడుస్తున్నదాన్ని నిలబడిపోయాను. చేతికి గొట్టాలతో, మంచం మీద రూతక్క! కొబ్బరిబొండాం ఇస్తే "నాకు జలుబు సేత్తదే" అని నా చేతిలోనే పెట్టేసే మనిషి. కిడ్నీలు పాడైనవాళ్ళు బొండాం తాగకూడదని తెలియక, అన్నాళ్ళూ ఆ జలుబును నమ్మాను.

"చెప్పలేదేంటక్కా?" అని ఏడ్చేశాను.

"సెప్తే పని మానేసి నన్ను సూస్తూ కూకుంటావు. లోపల బాగానే నడుత్తందిలే."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం ఫోన్ వచ్చింది, అక్క లేదని. నమ్మలేక పేజీ తెరిచాను. నిన్నటిదాకా ఆవిడ పేరున్న చోటు అప్పటికే ఖాళీ. చూస్తుండగానే కింద ఎదురుచూస్తున్న పేరు దానంతటదే పైకి జరిగింది. అలా జరిగేలా రాసింది నేనే.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు "అంతా బాగుందక్కా" అంటే ఊరుకోను. లాప్‌టాప్‌లోది చెరిపించి పాత కంప్యూటర్‌లో నడిపిస్తాను. ఆ తర్వాత కొబ్బరిబొండాం చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడతాను.