నా సీడీకి కనపడని డిస్క్

2009లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక కార్గో ఏజెన్సీలో సిస్టమ్స్ మేనేజర్‌గా చేరాను. హోదా పెద్దదే, నా కింద మాత్రం ఎవరూ లేరు. నా బలమంతా నేను తయారుచేసుకున్న ఇన్‌స్టలేషన్ సీడీ. ఆపరేటింగ్ సిస్టమ్, యంత్ర భాగాలను గుర్తుపట్టి నడిపే డ్రైవర్లు, సమస్తం అందులో ఉన్నాయని నా నమ్మకం. ఆఫీసులో ప్రతి కంప్యూటరూ ఆ సీడీ ప్రసాదం తిన్నదే.

ఎగుమతి కాగితాలు చూసే నసీమ్ గారి కొత్త ల్యాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. అది నత్తలా నడుస్తోందని ఆవిడ ఒకసారి అన్నారు. నాకు అంత సందు చాలు.

ఆ మధ్యాహ్నం మహేశ్వరం రైతు యాదయ్య తొలిసారి గల్ఫ్‌కు పంపుతున్న బెండకాయ పెట్టెల పక్కన వరండాలో కూర్చున్నాడు. షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం, ఆ ల్యాప్‌టాప్‌లో సగంలో ఉంది. అది వేళకు వెళ్లకపోతే విమానం ఆగదు, బెండకాయా వాడిపోకుండా ఆగదు.

“జర ఆగుండ్రి సార్, గీ లోడు పోయినంక చేస్కోండ్రి” అన్నారు నసీమ్. సిస్టమ్ మళ్లీ ఎక్కించడం అరగంట పనేనన్నాను.

సీడీ తిరిగింది. హార్డ్ డిస్క్ లేదని తెర మీద పడింది. మళ్లీ పెట్టినా అదే మాట. మూత విప్పి, డిస్క్ తీసి, ఉఫ్‌మని ఊది బిగించాను. మా వృత్తిలో అది తులసి తీర్థం. ఫలితం లేకపోయేసరికి పెద్ద డాక్టరులా డిస్క్ పోయిందని ప్రకటించాను.

“పొద్దుగాల దాంక మంచిగనే నడిసె కద సార్. మీరు చెయ్యి వెట్టినంకనే పోయిందా?” అన్నారావిడ. యాదయ్య ఒక పెట్టె తెరిచి కాయలు చూసుకున్నాడు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

వారంటీ వాళ్లకు డిస్క్ వివరాలు చెప్పాలని బయోస్, అంటే యంత్రం ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెర, చూశాను. డిస్క్ పేరు అక్కడ దర్జాగా ఉంది. చచ్చింది డిస్క్ కాదు. ఆ కొత్త రకం డిస్క్‌ను గుర్తుపట్టే డ్రైవరే నా సీడీలో లేదు. సీడీ బయటికి తీసి ఆన్ చేస్తే ఆవిడ ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పత్రం వెళ్లింది, బెండకాయ విమానమెక్కింది.

“ఇగ చేస్కోండ్రి సార్” అన్నారు నసీమ్. రేపు చూద్దామన్నాను.

డిస్క్ కనపడకపోతే ముందు మన సీడీని అనుమానించాలని ఆ రోజు తెలిసింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంటికెళ్లాక తట్టింది. ఫైళ్లకు నకలు తీయకుండానే పనికి దిగాను. నా సీడీ నేను అనుకున్నంత గొప్పదే అయ్యుంటే, కొత్త సిస్టమ్ ఎక్కించే ముందు ఆ డిస్క్‌ను, సగంలో ఉన్న పత్రంతో సహా, శుభ్రంగా చెరిపేసి ఉండేవాణ్ణి.