బ్రహ్మచారి మిల్ట్రీ బండి

ఆయన పేరు బ్రహ్మచారి. భార్య ఉంది, పెళ్ళయి వేరే కాపురముంటున్న కూతురుంది, ఇద్దరు మనవలున్నారు. సిరిసిల్ల చుట్టుపక్కల కమ్మరి, వడ్రంగి, ఔసుల ఇళ్ళలో ఈ పేరు మామూలే. ఆయన తాత పేరూ అదే, ఆ తాతకు తొమ్మిదిమంది సంతానం. బతుకుతెరువుకు వచ్చిన సూరత్‌లో మాత్రం ఆ పేరు విన్నవాళ్ళు పడీపడీ నవ్వేవారు. "బ్రహ్మచారీ భాయ్ కీ ఘర్‌వాలీ" అని ఎవరైనా పలకరిస్తే ఆయన భార్య లలితమ్మ ముఖం కందగడ్డ చేసుకునేది. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, సాంచా ఆగితే మళ్ళీ నా దగ్గరికే కదా వచ్చేది అన్నది ఆయన ధీమా.

సాంచా అంటే మరమగ్గం. పాండేసరలో ఒక సేఠ్ షెడ్డులో నాడె, అంటే షటిల్, ఉండే పాత సాంచాలకు ఆయన ఫిట్టరు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, నెరిసేదాకా అక్కడే చేశాడు. ఆయన పని పద్ధతి ఒకటే. విప్పిన ప్రతి ముక్కనూ స్పిండిల్ ఆయిల్‌లో ముంచాలి. ఆ పల్చటి నూనెలో అది తెల్లారేదాకా నానాలి, పొద్దున గుడ్డతో తుడిచి బిగించాలి. బాలింత పసిగుడ్డుకు నూనె రాసి నీళ్ళు పోసినంత శ్రద్ధగా చేసేవాడు. బిగించాక చేత్తో ఒకసారి తిప్పి చూసి, "ఇగ నడుపుకోండ్రి" అనేవాడు. ఆయన ఆ మాట అన్నాక సాంచా మళ్ళీ మొరాయించడం అరుదు. ఆయన సంపాదించిన ఆస్తి ఏదైనా ఉంటే ఆ మాటే.

తర్వాత కొత్త మగ్గాలొచ్చాయి. వాటికి నడుముకో కంప్యూటరు పెట్టె. పాడైతే కంపెనీ నుంచి కుర్రాళ్ళొచ్చి మీటలు నొక్కి పోతారు. సేఠ్ పాత సాంచాలన్నిటినీ తుక్కుకు వేసేశాడు. వాటిని సుత్తులతో పగలగొట్టి లారీకెత్తుతుంటే బ్రహ్మచారి షెడ్డు గోడకానుకొని వెక్కివెక్కి ఏడ్చాడు. సేఠ్ మంచివాడే, పాపం. "తుఝే క్యా చాహియే, బోల్" అన్నాడు. ఈయన షెడ్డు వెనక ముళ్ళకంపలో కూరుకుపోయిన బండిని చూపించాడు.

అది పాత మిల్ట్రీ బండి, జబల్‌పూర్‌లో తయారైన నిస్సాన్ వన్ టన్. పటాలం దాన్ని వేలానికి పెడితే, దగ్గరి ఊరు కిమ్ నుంచి నూలు తెచ్చుకోవడానికి సేఠ్ తండ్రి కొన్నాడు. ఆ పెద్దాయన పోయాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. టైర్లు నేలకంటుకుపోయాయి, ఇంజను మీద పిల్లి కాపురం పెట్టింది. సేఠ్ "పాగల్ హై క్యా" అని నవ్వి, బండి ఇచ్చేశాడు.

బమ్రోలిలో బ్రహ్మచారి ఇల్లు వరుసలో చివరిది. పక్కనున్న ఖాళీ జాగాలోకి ఆ బండిని ఇంకో లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. లలితమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"ఫ్రిజ్జు కొందామంటె జాగ లేదంటివి. మరి దీన్నేడ పెడుతవ్, నా నెత్తి మీదనా?"

"జర ఓపిక పట్టు. నడుస్తది."

"నడుస్తది, నేనెక్కుత. పొద్దు పడమట పొడిసిన నాడు."

ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఆయన లోకం ఆ బండే. తుప్పు గీకాడు. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకి కొత్తవి వేశాడు. లలితమ్మ అన్నం వార్చే గిన్నెలో కార్బొరేటర్ కడిగి, ఆ గిన్నెతో పాటు ఆ పూట అన్నం కూడా పోగొట్టుకున్నాడు. సెలవు దొరికితే చాలు, కిమ్ వెళ్ళి తుక్కు దుకాణాల్లో సామాన్లు గాలించేవాడు. చిన్నదో చితకదో పని దొరికినా ఒక షెడ్డులో నిలిచేది కాదు. సాంచాలే లేనప్పుడు సాంచా ఫిట్టరు ఎవరికి కావాలి? మొదటిసారి ఇంజను అందుకున్న నాడు వచ్చిన పొగకు వీధిలో ఆరేసిన బట్టలన్నీ నల్లబడ్డాయి, నానా తిట్లూ తిన్నాడు. లలితమ్మ మాత్రం బండి ముందు బానెట్టు మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటూ, "ఈ పనికన్న వస్తున్నది, నయమే" అని దెప్పేది.

అట్లాంటి బండికి ఒక గౌరవం వచ్చింది. బమ్రోలి తెలుగువాళ్ళ సమాజం ఏటా సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళను, బతుకమ్మలను టెంపోలో తాపీ నది ఒడ్డుకు తీసుకుపోతుంది. ఈసారి సమాజం పనులు చూసే వినోద్ వచ్చి, "కాకా, మన మిల్ట్రీ బండిలనే పోదాం. అందరు చూడాలె" అన్నాడు. వీధికి పెద్దమ్మలాంటి గంగవ్వ, "చారి చెయ్యి పడ్డదంటె నాకు రంది లేదు బిడ్డా" అంది.

ఆ రోజంతా బ్రహ్మచారి నేల మీద నడవలేదు. అట్లాంటి మాట విని ఎన్నాళ్ళయింది! చివరికి లలితమ్మ కూడా దారికొచ్చింది. "అందరెక్కుతుంటె నేనొక్కదాన్ని ఇంట్ల కూసుంటనా? ముందట సీట్ల కూసుంట" అంది, ఎటో చూస్తూ.

ఇక ఆయన ముందున్నది బ్రేకుల పని. దారిలో ఒక ఫ్లైఓవర్ దిగాలి, వెనక నిండా ఆడవాళ్ళు. చక్రాల్లో బ్రేకును నొక్కే చిన్న రబ్బరు వాషర్లు పాతబడి పగిలాయి. కిమ్‌లో దొరక్కపోతే ఇంకెక్కడికో చెప్పి తెప్పించాడు. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. పండక్కి వారం ముందు బిగించాడు. తొక్కితే బండి నిలువునా ఆగింది. వీధి చివరిదాకా పోయి వచ్చి, చేత్తో చక్రం తట్టి, "ఇగ పోదాం" అన్నాడు.

సద్దుల నాడు మధ్యాహ్నం పెట్రోలు పోయించుకొద్దామని బండి తీశాడు. ఎందుకో బండి బరువుగా ఈడ్చుకుంటూ నడిచింది. తిరిగొచ్చేసరికి చక్రాల దగ్గర కమురు వాసన. వేలు పెట్టి చూస్తే చుర్రుమంది. కాలు తీసినా బ్రేకు వదలడం లేదు.  జాకీ పెట్టి ఒక చక్రం ఊడదీశాడు. లోపల వాషర్లు నీళ్ళలో వేసిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. వేలితో తుడిచి వాసన చూశాడు.

స్పిండిల్ ఆయిల్.

ఇనుముకు ప్రాణం పోసే ఆ నూనె బ్రేకు రబ్బరుకు విషం. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. కొత్త వాషర్లు చేతికి రాగానే, జీవితమంతా చేసినట్టే, గిన్నెలో నూనె పోసి నానబెట్టాడు. పొద్దున తుడిచి బిగించాడు. తల వేరే ఎక్కడో ఉంది, చెయ్యి తన అలవాటు తాను చేసుకుపోయింది. ఛీ, నా చెయ్యి పడిపోను, అనుకున్నాడు. సాంచా అయితే ఒక గుడ్డ నేయడం ఆగుతుంది, అంతే. ఇది మనుషులెక్కే బండి.

అప్పటికే వీధిలోకి బతుకమ్మలు వచ్చేస్తున్నాయి. ఊరి నుంచి బస్సులో తెప్పించిన గునుగు, తంగేడు, రంగురంగులుగా పళ్ళాల్లో పేర్చి ఉన్నాయి. లలితమ్మ పట్టుచీర కట్టుకొని గడపలోకి వచ్చింది. వినోద్ చక్రం పక్కన కూలబడ్డ బ్రహ్మచారిని చూశాడు.

"ఏంది కాకా, గిట్ల కూసున్నవ్?"

"బ్రేకు పట్టుకున్నది."

"వదులు చేయరాదా మరి?"

చేయొచ్చు. చక్రం వెనక చిన్న నట్టు ఉంటుంది, దాన్ని కాస్త తిప్పితే లోపలి ఒత్తిడి పోతుంది, బండి కదులుతుంది. ఈ పూటకు గడిచిపోతుంది కూడా. ఎవరికీ తెలియదు. వీధి వీధంతా చూస్తుండగా, భార్య ముందు సీట్లో కూర్చుని ఉండగా, బండి నడుపుకుంటూ పోవచ్చు. ఆ నట్టు మీదికి స్పానరు పెట్టాడు కూడా. ఫ్లైఓవర్ దిగుడు, తొక్కినా పట్టని బ్రేకు కళ్ళముందు కనబడ్డాయి. స్పానరు తీసి పక్కన పడేసి, లేచి నిలబడ్డాడు.

"బండి రాదు వినోదూ. టెంపో పిలువు."

"అయ్యో కాకా, మెల్లగ పోదాం. ఎంత దూరమని?"

"మెల్లగ పోతె బండి ఆగుతదా? రాదంటే రాదు."  గంగవ్వ వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "తప్పు నాదే అవ్వా. సాంచాకు పెట్టిన నూనె రబ్బరుకు పెట్టిన. అది ఉబ్బి పట్టేసింది."

 "గీ మాట పొద్దున్నే చెప్తే అయిపోతుండె గదా" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. "ముసలాయనకు సోయి ఉంటలేదు" అన్నారు ఇంకెవరో. బ్రహ్మచారి తల ఎత్తలేదు. గుడ్డ తీసుకొని, నల్లగా అయిన వేళ్ళను తుడుచుకుంటూనే ఉండిపోయాడు. ఆయనకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడవడమెట్లాగని మింగాడు.

టెంపో వచ్చింది. కొత్తదే, మెరుస్తోంది. డ్రైవరు వెనక తలుపు దించాడు. బతుకమ్మలను జాగ్రత్తగా పైకి అందించారు. ముందుగా ఎక్కాల్సిన లలితమ్మ ఎక్కలేదు. మొగుడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"పోయి దాని బ్రేకు చూడు."

"ఏందే?"

"ఆ టెంపో బ్రేకు. చూసి రా, ఎక్కుత."

ఆయనకు కోపం వచ్చింది, ఎగతాళి చేస్తుందేమోనని. "ఇంత జరిగినంక నన్ను చూడమంటవా? పోవే, ఎక్కుపో."

"ఈ సూరత్‌ల బండి బాగలేదని నోరు తెరిచి చెప్పినోన్ని నిన్నొక్కన్నే చూసిన," అంది లలితమ్మ మామూలుగా, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నువ్వు చూడంది నేనెక్క."

డ్రైవరు "క్యా హువా, నయీ గాడీ హై" అని సణిగాడు. గంగవ్వ ఒక కాలు పైన పెట్టిందల్లా దించేసింది. "జర ఆగు బిడ్డా, చారి చూస్తడు" అంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ ఆగారు.

బ్రహ్మచారి పండక్కని వేసుకున్న తెల్ల చొక్కాతోనే టెంపో కిందికి దూరాడు. ఒక్కో చక్రం వెనకా చెయ్యి పెట్టి తడిమాడు, ఎక్కడా కారుతున్న తడి లేదు. బయటికొచ్చి డ్రైవరును దిగమని, తానే ఎక్కి పెడల్ తొక్కి పట్టి చూశాడు. గట్టిగా నిలిచింది. వీధిలో అటూ ఇటూ నడిపించి, ఆపించి చూశాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

చొక్కా మసి దులుపుకొని ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"మంచిగున్నది. ఇగ ఎక్కుండ్రి."

ఆయన ఆ మాట అన్నాకే గంగవ్వ మళ్ళీ కాలు పైన పెట్టింది.