బావ ఎడమ చెయ్యి

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక హాస్టల్ వంటగదిలో కూరగాయలు తరిగేవాడు. ఆయన కత్తి తీస్తే ఉల్లిపాయలే ముందు ఏడ్చేవి. వేగం ఎంతో, వేళ్ళకు గాట్లూ అంతే. ఏడాదిలో మూడుసార్లు చెయ్యి కోసుకున్నవాడు తరిగే బల్ల వదిలి గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి పోవాలని అక్కడి నియమం. బావకు అప్పటికే రెండయ్యాయి. బల్ల పోతే ఆయనకు పరువు పోయినట్టే.

అప్పుడే మనిషికొకటి చొప్పున ఉక్కు తీగతో అల్లిన చేతి తొడుగులు ఇచ్చారు. అవి ఏ చేతికైనా పట్టేవి. పనిచేసేది కుడిచెయ్యి కనుక ఆ మర్యాద దానికే దక్కాలని బావ కుడిచేతికి తొడుక్కున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అంతే చేశారు.

గిన్నెలు తోమే పెద్దావిడ, వంటగదిలో అందరూ అత్త అని పిలిచే ఆమె, ఇది చూసింది.

"ఏం నాయనా, కత్తికి దెబ్బ తగులుతుందనా?"

"కోసే చెయ్యి ఇదే కదత్తా."

"కోసేది అదే. తెగేదేది? నీ కట్లు ఏ చేతికున్నాయో చూసుకో. రేపు నా పక్కకొచ్చి నిలబడితే నీ కబుర్లు వినే ఓపిక నాకు లేదు."

బావ తన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తొడుగు దానికి మార్చాడు. క్యారెట్ పట్టుకున్న వేళ్ళ కొసలు లోపలికి ముడిచి నెమ్మదిగా తరిగాడు. ఆ ఏడు మూడో గాయం కాలేదు, బల్లా పోలేదు.

ఈ ఉపాయం ఎవరిదని పై అధికారి అడిగితే, "నాదేనండి," అన్నాడు బావ.

"అవునండి," అంది అత్త గిన్నె తోముతూనే. "నేను చెప్పగానే కనిపెట్టేశాడు."