వెనక్కి తీస్తే వదిలేసే హబ్బులు

"వాడడిగింది బిగించి ఇస్తే మీ చేతులేం అరిగిపోతాయి?"

"నువ్వూరుకో. నీకు హబ్బుకీ డబ్బాకీ తేడా తెలీదు."

"తెలీదు. పదకొండేళ్లుగా మీరు మింగి కూర్చున్న మాట మాత్రం తెలుసు. వాడి తండ్రి సంగతి వాడికి ఎప్పుడు చెబుతారు?"

సగం దించిన షట్టరు బయట డ్రైవరు నిలబడిపోయాడు. లోపల పోట్లాడుకుంటున్నది పెదనాన్న, పెద్దమ్మ. వాడంటే తనే.

కొండ మీది ఆసుపత్రికి మందులు చేరవేసే పని దొరికింది అతనికి. దారిలో రెండు వాగులు. జీపు నాలుగు చక్రాలతో లాగాలంటే కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం మధ్యలో ఉండే హబ్బును చేత్తో తిప్పి, ఇంజను లాగుడు ఆ చక్రానికి అందేలా చెయ్యాలి. ఆ బురదలో దిగే బాధ లేకుండా, వాటంతటవే పట్టుకునే ఆటోమేటిక్ హబ్బులు కొనుక్కొచ్చాడు. పెదనాన్న డబ్బా మూత కూడా తియ్యలేదు. "నా షెడ్డులో ఇవి బిగించను," అన్నాడు, అంతే.

ముప్పై ఏళ్లుగా జీపుల కింద పడుకుని బతికిన మెకానిక్కు ఆయన. బేరింగు అరుగుదల చెవితో విని చెప్పేవాడు. అలాంటివాడికి కొత్త సరుకు చేతకాదని బజారంతా నవ్వింది. డ్రైవరూ నవ్వాడు. "మా పెదనాన్న చేత్తో తిప్పందే ఫ్యానుని కూడా నమ్మడు," అన్నాడు.

ఇప్పుడు షట్టరెత్తి లోపలికి వెళ్లాడు. "ఏం దాచావు పెదనాన్నా?"

పెద్దమ్మ కొంగుతో మూతి కప్పుకుని అవతలికి వెళ్లిపోయింది. ఆయన గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లే మళ్లీ తుడిచాడు.

"ఈ ఊళ్లో అలాంటివి మొదట బిగించింది నేనేరా. మీ నాన్న జీపుకి. మోకాలు నొప్పి, వానలో దిగలేకపోతున్నా అన్నయ్యా అన్నాడు. బిగించా. వెనక్కి తీస్తే పట్టు వదిలేస్తాయని ఒక్క ముక్క చెప్పాలి. ఇంతలో ఎవడో పిలిచాడు, పోయా. సాయంత్రం చెబుదాంలే అనుకున్నా."

సాయంత్రానికి వాగు పొంగింది. నడుమ దిగబడిన జీపును తండ్రి ముందుకీ వెనక్కీ ఊపి ఉంటాడు. ఎవరైనా చేసేది అదే. మర్నాడు బయటికి లాగినప్పుడు గేరు రివర్సులోనే ఉంది. అది చూసి అర్థం చేసుకున్నది ఆ గుంపులో ఒక్క మెకానిక్కే.

"వాగు మింగేసిందన్నారు కదా అందరూ?"

"అననిచ్చా."

తిడదామని నోరు తెరిచాడు డ్రైవరు. చివరికి, "నాకవి వద్దులే. చేత్తోనే తిప్పుకుంటా," అన్నాడు.

"ఇవాళ వద్దంటావు. నాలుగు వానలు పడితే ఇంకెక్కడో బిగించుకుంటావు. అక్కడివాడూ చెప్పకపోతే?"

పెదనాన్న డబ్బా విప్పాడు. పొద్దు వాలేదాకా చక్రాల పక్కనే చతికిలబడి రెండూ బిగించాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. అంతా అయ్యాక జీపు తాళంచెవి చూపించాడు గానీ ఇవ్వలేదు.

"వాగులో వెనక్కి తీశావో, ముందు చక్రాలు ఉన్నా లేనట్టే. మళ్లీ ముందుకు కదిలితేగానీ పట్టుకోవు. అసలు నీళ్లు ఎక్కువుంటే దిగనే దిగొద్దు."

"సరే పెదనాన్నా."

"సరే కాదురా. నేను చెప్పింది నువ్వొకసారి నాకు తిరిగి చెప్పు. నాకు వినిపించేలా చెప్పు."