ఎర్త్ మీద పడ్డ రంగు

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. పెద్దల్లుడు బండ్లకు వైరింగ్ చేస్తాడు, చిన్నల్లుడు రంగులు వేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే షెడ్డులో చెరో మూలా పని. చిన్నల్లుడి పని ఎవరికైనా ఇట్టే కంటికి ఆనుతుంది. పెద్దల్లుడి పనంతా రేకుల వెనకా, సీట్ల కిందా దాక్కుని ఉంటుంది. బండి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ముందు తలుపు నిమిరి, "అద్దంలా ఉందే" అంటారు. లైట్లు వెలగడం మాత్రం వాటి బాధ్యత అన్నట్టు ఊరుకుంటారు. ఇంట్లో మామగారికైతే చిన్నల్లుడి పనితనాన్ని మెచ్చుకోనిదే ముద్ద దిగేది కాదు. అది విన్నప్పుడల్లా పెద్దల్లుడికి అన్నం సయించేది కాదు.

అలాంటి రోజుల్లో షెడ్డుకు ఒక పాత మిలిటరీ ట్రక్కు వచ్చింది. వయసులో దాన్ని నడిపిన పెద్దాయనే, ఇప్పుడు తుక్కులోంచి కొని తెచ్చుకున్నాడు. దాని లైట్లు చూడగానే పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ముందువైపు రేకు ముసుగు వేసిన చిన్న లైటు ఒకటి. ఆకాశంలోని శత్రువుకు కనబడకుండా నేలమీద చారెడు వెలుగు మాత్రం పరుస్తుంది. వెనక లైట్లకు వేలెడు సందులే. వీటితో బండిని రోడ్డెక్కనివ్వరు. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు ఉండి తీరాలి.

"కొత్తవి పైన బిగించేస్తే సరిపోదా?" అన్నాడు పెద్దాయన, మనసొప్పకుండానే.

"మీ బండికి ఒక్క కొత్త బెజ్జం కూడా పెట్టను. పాత లైట్ల డొప్పల్లోనే అన్నీ ఇముడుస్తాను."

మూడు వారాలు పెద్దల్లుడు ఆ డొప్పలతో కుస్తీ పట్టాడు. లోపలి రేకు కత్తిరించి, ఎర్ర బల్బుకూ పసుపు బల్బుకూ విడివిడిగా చోటు చేశాడు. వాటిలో పట్టే ఇరవైనాలుగు వోల్టుల చిన్న బల్బుల కోసం కొట్లన్నీ గాలించాడు. అంతా అయ్యాక చూస్తే అసలేమీ చేయనట్టే ఉంది. ఆయన పనితనం అదే. ఆయన ఏడుపూ అదే.

రంగు ఆరిన రోజు పెద్దాయన వచ్చాడు. చిన్నల్లుడు తలుపు మీద చెరిగిపోయిన పాత అంకెల్ని కూడా చేత్తో తిరిగి రాశాడు. వాటిముందు నిలబడి పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "నా బండే, బాబూ" అంటూ చిన్నల్లుడి భుజం పట్టుకున్నాడు. లైట్ల ఊసే ఎత్తలేదు.

పెద్దల్లుడు వెనక లైట్లు బిగించడానికి వెళ్ళాడు. అక్కడ బాడీమీద ఎర్త్ కోసం, అంటే కరెంటు ఇనుము గుండా తిరిగి బ్యాటరీకి చేరడానికి, తాను ఇనుము కనబడేలా గీకి ఉంచిన చోట దట్టంగా ఆకుపచ్చ రంగు పట్టి ఉంది. రంగు మీద బిగిస్తే కరెంటు అందదు. గీకడానికి రెండు నిమిషాలు చాలు. చేతిలో గీకుడు రేకు ఉంది కూడా. 'రేపు తనిఖీలో వెలగకపోతే రంగు గొప్పతనం అందరికీ తెలుస్తుంది' అనుకుని, అలాగే బిగించేశాడు.

మర్నాడు తనిఖీ ఆఫీసరు బ్రేకు తొక్కించాడు. వెనక ఏదీ వెలగలేదు.

"వైరింగ్ ఎవరిది?"

అందరూ పెద్దల్లుడి వైపే తిరిగారు. ఆయన నోరు తెరిచేలోపే చిన్నల్లుడు వంగి చూసి, "తప్పు నాదండీ. అన్నయ్య గీకి ఉంచిన చోట చూసుకోకుండా రంగు కొట్టేశాను" అన్నాడు.

"ఇలా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నాడు పెద్దాయన మురిసిపోతూ. ఆఫీసరు కూడా తలూపాడు. నింద పడాల్సినచోట మరో మెప్పు పడింది. పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, ఇద్దరూ బండి వెనక రంగు గీకుతుండగా అనేశాడు:

"నేను చూశాను. చూసే బిగించాను."

చిన్నల్లుడి చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకన్నయ్యా?"

"నీ పని అందరికీ కనబడుతుంది. నాది ఎవరికీ కనబడదు."

చిన్నల్లుడు గీకడం పూర్తిచేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే బండి తనిఖీ దాటింది. వారం రోజులు ఇద్దరిమధ్యా పలుకు లేదు. తర్వాత చిన్నల్లుడే వచ్చాడు.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ ఇకమీదట నేను రంగు వేసిన ప్రతి బండికీ లైట్లు నా ఎదుట వెలిగించి చూపించండి. మీమీద నమ్మకం పోయింది."

అప్పటినుంచి అదే పద్ధతి. పెద్దల్లుడు స్విచ్చులు ఒక్కొక్కటే వేస్తాడు. చిన్నల్లుడు చేతులు కట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ ప్రతి బల్బునూ పరీక్షగా చూస్తాడు. పద్దెనిమిదేళ్ళలో తన పనిని ఎవరైనా అంత శ్రద్ధగా చూడడం ఇదే మొదలు. అందుకు పెద్దల్లుడికి సిగ్గుగా ఉంటుంది, కాస్త తృప్తిగానూ ఉంటుంది. ఇంటికెళ్ళాక మామగారు చిన్నల్లుడి మాటెత్తితే మాత్రం ఆయనకు ఇప్పటికీ అన్నం సయించదు.