చెరకు గానుగలో స్టాండ్‌బై ఇంజను

విమానాల భద్రత కోసం పెట్టిన ఇంజన్ను చెరకు గానుగకు అప్పగించిన ఘనుణ్ణి మా శాఖలో నేనొక్కణ్ణే. 1956లో చోడవరం శివారు బీకన్ స్టేషనుకు ఇన్‌ఛార్జిగా వెళ్లిన మూడో నెలలోనే ఆ ఘనత సాధించాను.

బీకన్ అంటే ఎడతెగకుండా రేడియో సంకేతం పంపే యంత్రం. మబ్బుల్లో నేల కనబడనప్పుడు విమానంలోని దిక్కు చూపే ముల్లు మా వైపు తిరిగి పైలటుకు దారి చూపుతుంది. ఆ శివారుకు కరెంటు లేదు. డీజిలు ఇంజనుతో డైనమో తిప్పేవాళ్లం. ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బై. దాన్ని రోజూ పది నిమిషాలు నడిపి చూసి, లాగ్‌బుక్కులో రాయాలి.

నేను మాడుగులలో కొట్టు నడిపే ఇంట పుట్టినవాణ్ణి. ఊరికే పడివున్న సరుకును చూస్తే ప్రాణం ఊరుకోదు. పక్క పొలంలో చెరకు ఆడించే అప్పలనాయుడి ఇంజను సరిగ్గా అప్పుడే చెడింది. బేరం కుదిరింది: ఇంజను మాది, డీజిలు అతనిది. పది నిమిషాలేమిటి, రోజంతా పరీక్షే! పైగా స్టేషనుకు బెల్లం దిమ్మలు. "స్టాండ్‌బై చక్కగా నడిచింది" అని రోజూ రాశాను. అబద్ధం కాదు. ఎక్కడ నడిచిందో రాయలేదంతే.

మెకానిక్ సింహాచలం నసిగాడు. "ఇది ఆగిపోతే ఏటి సార్?"

"కొత్త ఇంజనయ్యా, ఎందుకాగుతుంది?" అన్నాను.

పదకొండో రోజు ఉదయం, వాయుగుండం పట్టి ఆకాశం మూసుకుపోయినప్పుడు, ఆ కొత్తది డీజిలు పంపు విరిగి ఆగిపోయింది. విశాఖకు వచ్చే డకోటా విమానం అరగంటలో మా మీదుగా పోవాలి. కింద కొండలు. బ్యాటరీ వైర్‌లెస్‌లో విశాఖకు కబురు పంపమని సింహాచలానికి చెప్పి, గానుగకు సైకిలు తొక్కాను.

"నాయుడూ, ఇంజను ఆపు!"

"ఏటి బాబూ, సెరుకు సగంలో ఉంది. మజ్జేన్నం అట్టుకెళ్దురు."

"పైన విమానం వస్తోందయ్యా!"

"విమానానికి దాని ఇంజను నేదేటి? మనదెందుకు?"

బీకన్ సంగతి గబగబా చెప్పాను. అతని మొహం మాడిపోయింది. "అంత పానాల మీది సరుకైతే నాకెందుకిచ్చేరు బాబూ? ఒరే, బండి కట్టండ్రా!"

బురదలో బండి కదలదు. మనుషులు తోశారు, నేనూ తోశాను.

తర్వాత విచారణకు వచ్చిన అధికారి స్టాండ్‌బై ఏమైందని అడిగారు. నడుస్తూనే ఉందన్నాను. ఎక్కడని అడిగేసరికి గానుగ వైపు వేలు చూపించాను. నేను నేర్చుకున్నదిదే: స్టాండ్‌బై చేయాల్సిన ఉద్యోగం, తన చోట ఖాళీగా కూర్చోవడం.

ఇక లెక్క. రోజుకు పది నిమిషాల చొప్పున నేను మిగిల్చిన డీజిలు రెండు గంటలకైనా చాలదు. బీకన్ మూగపోయింది గంటా పది నిమిషాలు. నాకు ఏడాది ఇంక్రిమెంటు పోయింది. మా కబురందిన డకోటా, బీకన్ మళ్లీ పలికేదాకా, సముద్రం మీద నలభై నిమిషాలు చుట్లు కొట్టింది. అందులో పద్దెనిమిది మంది. దిగేసరికి మిగిలింది పావుగంట పెట్రోలు.