జానెడు కోసిన బల్ల

మంగళవారం పొద్దున బూత్ తలుపు తీసి బండి లోపలికి తిప్పుకుంటున్నాను, ఫోన్ మోగింది. వనపర్తి నుంచి నర్సమ్మ చెల్లెలు. "అక్క పోయిందమ్మా. చాయ్ తాగింది, గ్లాసు కడిగి బోర్లిచ్చింది, గోడకొరిగి కూసుంది. మళ్ల లేవలే. గుండె ఆగిందన్నరు. నీ నంబరు గోడ మీద రాసుకున్నది, అందుకే ముందుగాల నీకే చేస్తున్న," అంది.

నా ఎస్టీడీ బూత్ గద్వాల బస్టాండు దగ్గర ఉంది. వికలాంగుల కోటాలో వచ్చింది. ఒకప్పుడు బయట వరుసకట్టి నిలబడేవాళ్ళు. ఇప్పుడు అందరి జేబుల్లో సెల్ ఫోన్లు వచ్చాయి, నా ఫోన్ మూగనోము పట్టింది. ఈ నంబరును ఇంకా గోడ మీద రాసి ఉంచుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. మా పేటలో ఎవరూ ఆమెను పేరుతో పిలిచింది లేదు. సర్కారు దవాఖాన నర్సమ్మ, అంతే. నేను ఈ నాలుగు మాటలు రాయడానికి బతికి ఉన్నానంటే ఆమె వల్లనే. పోయినవాళ్ళ గురించి మర్యాద కోసం అనే మాట కాదిది. ఎట్లాగో చెబుతాను, చదివి మీరే చెప్పండి.

నాకు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండే నా నడక. దవాఖానకు పోవడమంటే నాకు ఎత్తించుకోవడం. ఇద్దరు మగవాళ్ళు వస్తారు. ఒకరు చంకల కింద చేతులు పెడతారు, ఒకరు మోకాళ్ళ కింద. బియ్యం బస్తాను లారీకెక్కించినట్టు బల్ల మీద వేస్తారు. చీర ఎక్కడ జారిందో చూసుకునే వీలుండదు. అందుకే జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా మెడికల్ షాపు గోలీలతోనే నెట్టుకొచ్చాను. నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఏ డాక్టరూ నా ఒంటి మీద చెయ్యి పెట్టి చూడలేదు.

ఆ సంవత్సరం నర్సమ్మ మా పేటలో ఆడవాళ్ళకు రొమ్ము పరీక్షలు మొదలుపెట్టింది. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం, ఆమే స్వయంగా చేత్తో చూసి, అనుమానం ఉన్నవాళ్ళను పెద్ద దవాఖానకు పంపేది. మిగతావాళ్ళు 'ఛాతీ' అనో 'ఆడోళ్ళ బాధ' అనో నసిగే చోట ఆమె గొంతు తగ్గించకుండా 'రొమ్ము' అనేది. గాజుల దుకాణం ఆపా ఆ మాట వినగానే కొంగు నోటికడ్డం పెట్టుకునేది. "మోచెయ్యి అంటే సిగ్గుపడ్తవా? ఇది గంతే," అనేది నర్సమ్మ.

ఒకరోజు డ్యూటీ దిగి పోతూ నా బూత్ ముందు ఆగి చిట్టీల కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. ఏ వారం రావాలో అందులో రాసి ఉంది. "నీ తాన ఫోన్ల కొరకు ఆడోళ్ళు మస్తుగ వస్తరు గద. నలభై దాటినోళ్ళకు తలా ఒకటి ఇయ్యి బిడ్డా," అంది. రెండు రోజులు శ్రద్ధగా పంచాను. పూలమ్మే ఆమెకు, ఇడ్లీబండి ఆమెకు, మగ్గాలవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు. "సిగ్గుపడకుండ పోండ్రి" అని పెద్ద మనిషిలాగా చెప్పి మరీ పంపాను. మూడోనాడు కట్ట అయిపోయింది. ఖాళీ రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుంటుంటే అప్పుడు తట్టింది, ఇందులో నాకు ఒకటి లేదని.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. సాయంత్రం ఆమె కనబడగానే అడిగేశాను. "నర్సమ్మా, నాకు కాళ్ళు రావు గని రొమ్ములు ఉన్నయి. గా కట్టల నాదేది?"

బస్సు కోసం నిలబడ్డ నలుగురూ తిరిగి చూశారు. ఆమె స్థానంలో ఇంకెవరున్నా "అయ్యో మర్చిపోయిన" అనేవాళ్ళు. మర్చిపోయానంటే నేనూ సరేననేదాన్నే. ఆమె సంచీ కింద పెట్టి నా బండి పక్కన గచ్చు మీద కూర్చుంది.

"మర్శిపోలే బిడ్డా," అంది. "యాది ఉన్నది. నువ్వు గా బల్ల ఎట్ల ఎక్కుతవని నేనే అనుకున్న, నేనే నిన్ను వద్దనుకున్న. నిన్ను అడుగనన్న అడుగలే. తప్పు నాదే."

ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసు ఉన్న మనిషి, బస్టాండులో, కింద కూర్చుని, తప్పు నాదని చెప్పడం అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

తర్వాత ఆమె ఒక పని చేసింది. అరచెయ్యి చాపి నేల మీద నుంచి నా బండి సీటు దాకా జానలు పెట్టింది. రెండు జానలు, పైన నాలుగు వేళ్ళు. ఏంది కొలుస్తున్నవంటే, "చీర అంచు ఎంత పెట్టియ్యాలో చూస్తున్న," అని నవ్వి లేచిపోయింది. ఆమె అలవాటే అది. ఎవరైనా సలహా చెప్పబోతే "ముందుగాల కొలువు, తర్వాత మాట్లాడు" అనేది. కట్టు కట్టాలన్నా, కిటికీకి తెర వేయాలన్నా ముందు ఆమె జాన చాపాల్సిందే.

వారం తర్వాత నా పేరు మీద చిట్టీ వచ్చింది. బేస్తవారం బండి తిప్పుకుంటూ పోయాను. గడప దగ్గర వాలుగా ఒక చెక్కపలక వేసి ఉంది. గదిలోకి పోతే మగవాళ్ళు ఎవరూ లేరు. పరీక్ష బల్ల ఉంది కానీ అది నాకు తెలిసిన బల్ల కాదు, పొట్టిగా, నా బండి సీటుకు సరిగ్గా సమానంగా ఉంది. "బండి దాని పక్కకు తెచ్చి, చేతుల మీద జరుగు," అంది నర్సమ్మ. జరిగాను. సీటు మీద నుంచి బల్ల మీదికి, మా ఇంట్లో చాప మీద నుంచి బొంత మీదికి జరిగినట్టే. ఎవరి చెయ్యీ నా మీద పడలేదు. చీర చెక్కు చెదరలేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తే ఏడుపు ఆగలేదు. ఒక దవాఖాన బల్ల మీదికి నా అంతట నేను చేరింది నా బతుకులో అదే మొదటిసారి.

వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి నాలుగు కాళ్ళూ జానెడు జానెడు కోయించిందట. సర్కారు బల్లను ఎవరినీ అడగకుండా.

తను ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న పీట మీద కూర్చుని, మాట్లాడుతూ మాట్లాడుతూ చూసింది. మాటలు ఒకచోట ఆగాయి. వేళ్ళు కూడా అక్కడే ఆగాయి. కుడి పక్క, చంకకు దగ్గరగా. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. చింతగింజంత గట్టిగా తగిలింది. "ఇది ఉండొద్దు. పట్నం పోదాం. నేనొస్త," అంది.

లీవు పెట్టి నిజంగానే వచ్చింది. పట్నంలో పెద్ద దవాఖానలో రొమ్ముకు ఫొటో తీసే మిషను ఉంది. దాని దగ్గర ఉన్నాయన నా బండి చూడగానే చేతులెత్తేశాడు. "నిలబడాలమ్మా. నిలబడకుంటే రాదు. ఏం చేస్తం మరి?" ఇంతదూరం వచ్చింది ఈ మాట వినడానికా అనుకున్నాను. నర్సమ్మ మిషను చుట్టూ తిరిగి చూసింది. జాన చాపి కింది నుంచి పైదాకా కొలిచింది.

"ఇది కిందికి దిగదా?" అని అడిగింది.

"దిగుతది గని, గంత కిందికి ఎన్నడు దించలే."

"మరి ఇయ్యాల దించుదాం."

ఆయన మీట నొక్కాడు. మిషను సన్నగా మూలుగుతూ దిగింది, దిగుతూనే ఉంది, వచ్చి కూర్చున్న నా రొమ్ము ఎత్తున ఆగింది. అది దిగుతుందని ఆ మిషనుకు తెలుసు, దాన్ని చేసినవాళ్ళకు తెలుసు. అన్నాళ్ళూ ఎవరూ దించమని అడగలేదు, అంతే. నాలాంటివాళ్ళు ఎంతమంది ఆ తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారో అని ఇప్పటికీ లెక్క వేస్తుంటాను. నర్సమ్మ సీసం నింపిన బరువైన కోటు ఒకటి అడిగి తొడుక్కుంది. ముందుకు వంగితే నడుము నిలవని నన్ను వెనక నుంచి మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది. "ఊపిరి బిగబట్టు," అని ఆయన అంటే నాతోపాటు ఆమె కూడా బిగబట్టింది. ఆమె ఊపిరి ఆగడం నా వీపుకు తెలిసింది.

క్యాన్సరే. కుడి రొమ్ము తీసేశారు. తొందరగా వచ్చినవు, బతికినవు అన్నాడు డాక్టరు. తొందరగా వచ్చింది నేను కాదు, నర్సమ్మ.

నేను మందులతో వెంట్రుకలు ఊడి ఇంట్లో పడి ఉన్నప్పుడు ఆమెకు మెమో వచ్చింది. సర్కారు సామాను పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆమె జవాబు నాకు చదివి వినిపించింది. "బల్ల కాళ్ళు కోయించింది నేనే. ఎక్కలేనివాళ్ళ కోసం కోయించాను." రెండే ముక్కలు. ఇంకో నాలుగు మాటలు బతిమాలుతూ రాయమని నేను పోరాను. "ఉన్నదే రాసిన. ఇంకేం రాయాలె?" అంది. కొన్నాళ్ళకు నాగర్‌కర్నూల్ అవతల, అమ్రాబాద్ దిక్కుకు బదిలీ అయింది. పోయేముందు కోసిన కాళ్ళలో ఒక ముక్క తెచ్చి నాకిచ్చింది. "బూత్ ముంగట వాలు ఉన్నది గద. చక్రం కింద పెట్టుకో, బండి జారదు."

ఆ బదిలీకి నేనే కారణమని కుమిలిపోయాను. ఆమెకేమో ఆ పట్టింపే లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది, అడవి గాలి మంచిగున్నదని చెప్పేది. అక్కడ ఏం చేస్తోందో కొంచెం కొంచెంగా తెలిసింది. దవాఖానకు రాలేని ఆడవాళ్ళు వికలాంగుల పింఛను రోజున మాత్రం ఎట్లాగోలా పంచాయతీ ఆఫీసుకు వస్తారని కనిపెట్టింది. ఆ రోజున అక్కడికే పోయి చాప పరిచేది. రొమ్ములో గడ్డ చేతికి ఎట్లా తగులుతుందో తెలిసేందుకు, ఉడుకు నీళ్ళు పోసి కలిపిన జొన్నపిండి ముద్దలో కందిగింజ దాచి, వేళ్ళతో వెతకమనేది. "రొట్టెలు చేస్తున్నవా నర్సమ్మా" అని నవ్వేవాళ్ళట. ఒక ఊళ్ళో అందరికంటే ముందు గింజను పట్టింది పుట్టుగుడ్డి అయిన ఒకావిడ. మళ్ళీ దాచితే మళ్ళీ పట్టింది. "నాకంటె నయం బిడ్డా ఆమె వేళ్ళు. ఇగ ముద్ద ఆమె చేతికే ఇచ్చిన, ఆమెనే నేర్పిస్తున్నది," అని ఫోన్లో చెబుతుంటే ఆమె గొంతులో చిన్నపిల్లకుండే సంబరం. చూపులేని మనిషికి పరీక్ష ఎట్లా చేయాలని నేను ఆలోచించి ఉండేదాన్ని. నర్సమ్మ పరీక్ష చేసే పనే ఆ మనిషి చేతికిచ్చింది.

ఆమె పోయిన రోజున బస్సెక్కి వనపర్తి పోయాను. పదిమందీ కలిసి ఎత్తి దించారు, ఆ రోజు మాత్రం నాకు సిగ్గనిపించలేదు. రిటైరయ్యాక ఆమె ఉంటున్న ఇంట్లో గోడ మీద పెన్సిల్‌తో రాసిన నా బూత్ నంబరు చూశాను. వంటింటి మూల నీళ్ళకుండ కింద మూడు చెక్కముక్కలు ఉన్నాయి. జానెడువి. మిగతా మూడు కాళ్ళు ఏమయ్యాయో నేను ఏనాడూ అడగలేదు.

మొన్న బేస్తవారం నా ఏడాది పరీక్షకు మా పేట దవాఖానకు పోయాను. కొత్తగా వచ్చిన నర్సు చిన్నపిల్ల. నేను బల్ల మీదికి జరుగుతుంటే, "గీ బల్లతోని పరేషాన్ అయితుందమ్మా. వంగి వంగి నడుము పోతుంది. ఎవలు చేయించిండ్రో తెల్వదు. ఎత్తుది కావాలని రాసిన, వచ్చే నెల వస్తది," అంది.

ఆ పిల్ల నడుము నొప్పి అబద్ధం కాదు. నర్సమ్మ పీట ఎందుకు తెచ్చుకునేదో నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఈ బల్ల పోతే మళ్ళీ ఆ ఇద్దరు మగవాళ్ళు, మళ్ళీ ఆ చేతులు. కోపం రావాల్సిందే, రాలేదు. బండి సీటు కింద ఎప్పుడూ ఉంచుకునే ఆ చెక్కముక్క తీసి బల్ల మీద పెట్టాను. బస్టాండులో చిట్టీల కట్ట దగ్గర మొదలుపెట్టి, మీకు చెప్పినట్టే, అంతా చెప్పాను. ఆ పిల్ల వింటూ చెక్కను ఇటూ అటూ తిప్పి చూసింది.

"కొత్త బల్ల వద్దని నేను రాస్త," అనలేదు. వంగి, అరచెయ్యి చాపి, నేల మీద నుంచి నా బండి సీటు దాకా కొలిచింది. చెయ్యి చిన్నది, రెండు జానలు పోను ఐదు వేళ్ళు పట్టాయి. తర్వాత బల్ల దగ్గరికి జరిగి, గచ్చు మీద బొటనవేలు ఆనించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.